గాలికి పడిన తాళం: కాలేజీ రేడియో కథ



రేడియోలో మనం ఎన్నో సంగతులు మాట్లాడుకుంటాం. ఈ పూట రేడియో గురించే మాట్లాడుకుందాం. అందులోనూ పెద్ద స్టేషన్ల గురించి కాదు. కాలేజీ ఆవరణలో ఒక చిన్న గదిలో విద్యార్థులే రాసి, విద్యార్థులే చదివి, విద్యార్థులే మీటలు నొక్కి నడిపే చిన్న రేడియోల గురించి.

ఎందుకంటారా? నరసరావుపేట మొదలు మాచర్ల దాకా ఏ ఊరికి వెళ్ళినా తల్లిదండ్రులు సంఘ కాపరితో చెప్పే మాట ఒకటుంది. “అయ్యగారూ, మా వాడికి మార్కులకేం లోటు లేదండీ. నలుగురిలో నోరు విప్పమంటేనే బిగుసుకుపోతాడు.” ఆడపిల్లల సంగతి ఇక చెప్పనక్కరలేదు. డిగ్రీ చేతిలో ఉంటుంది, ఇంటర్వ్యూ గదిలో మాట పెగలదు. ఇది ఆ పిల్లల లోపం అనుకుంటాం. కాదు ప్రియులారా. మాట్లాడే చోటు, మాట్లాడటంలో శిక్షణ మన దేశంలో చాలా కాలం కొద్దిమందికే దక్కాయి. గాలికి కూడా తాళం పడింది. ఆ తాళం ఎవరు వేశారు, ఎవరు తీశారు, తీసిన తలుపులోంచి ఎవరు లోపలికి వెళ్ళారు అన్నదే నేటి మన కథ.

1885లో రెండు పనులు

మన ప్రాంతపు సంఘ చరిత్ర తెలిసినవారికి ఫాదర్ హయ్యర్ గారి పేరు కొత్త కాదు. 1842లో గుంటూరుకు, 1849లో గురజాలకు వచ్చిన లూథరన్ మిషనరీ ఆయన. మైకులు లేని కాలం అది. మాట ఎంత దూరం వెళ్ళాలంటే మనిషి అంత దూరం నడవాలి. ఆ మిషను బడుల నుంచి ఎదిగినదే గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల. కళాశాలగా అది మొదలైన సంవత్సరం 1885. చదువుకు దూరంగా ఉంచబడిన ఎంతోమందికి ఆ మిషను బడులే మొదటి తలుపు. అక్కడ అక్షరంతో పాటు గొంతు కూడా వచ్చింది.

సరిగ్గా అదే 1885లో బ్రిటిషు ప్రభుత్వం భారత టెలిగ్రాఫ్ చట్టం చేసింది. తంతి వార్తల మీద సర్వాధికారం ప్రభుత్వానిదే అని దాని సారాంశం. అప్పటికి రేడియో పుట్టనే లేదు. తర్వాత రేడియో వచ్చినప్పుడు దాన్ని కూడా ఈ చట్టం కిందికే తెచ్చారు. తీగ లేకుండా గాలిలో పోయే మాట కూడా సర్కారు సొత్తయింది. 1933లో వచ్చిన మరో చట్టం ప్రకారం మాట ప్రసారం చేయడానికే కాదు, వినడానికి కూడా లైసెన్సు కావలసి వచ్చింది. రేడియో పెట్టె కొన్నవారు పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకున్న రోజులు మన పెద్దలకు బాగా గుర్తు. ఆ పద్ధతి 1980లలో గాని పూర్తిగా పోలేదు.

ఒకే సంవత్సరంలో ఒక చోట పిల్లల గొంతుకు తలుపు తెరుచుకుంది. మరో చోట గాలికి తాళం పడింది. ఈ రెండూ తిరిగి కలుసుకోవడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

మొదట మైకు పట్టినవారు

మన దక్షిణాదిలో రేడియో మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, ఔత్సాహికులు. 1924లో మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ ఏడాదే ప్రసారాలు ప్రారంభించింది. అప్పుడు మన గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. డబ్బు చాలక 1927లో ఆ క్లబ్బు ప్రసారాలు ఆపేసింది. 1930లో మద్రాసు కార్పొరేషను ఆ పని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. క్లబ్బును కుంగదీసిన ఆ డబ్బు ఇబ్బందిని గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వద్దాం.

ఇక కాలేజీ రేడియో. చాలామంది ఇది నిన్న మొన్నటి సంగతి అనుకుంటారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు కలిసి 1917 నాటికే గాలిలోకి మాటను, పాటను పంపే ప్రయోగాలు చేశారు. 1936లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు హాస్టలు గదులను తీగలతో కలిపి తమ సొంత రేడియో నడిపారు. పైవారెవరో పెట్టి ఇచ్చింది కాదు, కుర్రవాళ్ళ సొంత చేతిపని.

మరి మన దేశంలో? వినండి, ఇది మన సంఘాల వారికి తెలియవలసిన సంగతి. 1928లో లాహోరు వై.ఎం.సి.ఏ.కు ఒక చిన్న రేడియో స్టేషను నడుపుకోవడానికి అనుమతి దొరికింది. 1935–36 ప్రాంతంలో అలహాబాదు వ్యవసాయ కళాశాల వారు చుట్టుపక్కల పల్లెల రైతుల కోసం సొంతంగా రేడియో ప్రసారాలు చేశారు. ఆ కళాశాలను 1910లో స్థాపించింది శామ్ హిగిన్‌బాటమ్ గారనే ప్రెస్బిటేరియన్ మిషనరీ. అంటే ఈ దేశంలో కాలేజీ గోడల మధ్య నుంచి పల్లెకు మాట పంపిన తొలివారిలో ఒక క్రైస్తవ కళాశాల ఉంది. వారు చేరాలనుకున్నది పొలంలో ఉన్న రైతును. కాలేజీ రేడియో అంటే కాలేజీలో ఉండే రేడియో అని మాత్రమే కాదు, కాలేజీ గోడ దాటి వెళ్ళే రేడియో అని ఆ ప్రయత్నం చెబుతుంది.

కానీ ఆ విత్తనం పెరగలేదు. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడ్డాక ప్రసారమంతా క్రమంగా ప్రభుత్వం చేతిలోకి చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే కొనసాగింది.

విన్న తరాలు

ఇలా చెప్పినంత మాత్రాన ఆకాశవాణిని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక మన కోస్తా పల్లెలకు ఎంత మేలు జరిగిందో లెక్కకట్టలేం. వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, నాటకాలు, భక్తి సంగీతం, వాతావరణ హెచ్చరికలు అన్నీ ఆ పెట్టెలోంచే వచ్చాయి. అచ్చమైన తెలుగు ఎలా పలకాలో రెండు మూడు తరాలు ఆకాశవాణి విని నేర్చుకున్నాయి. 1969లో ఢిల్లీలో మొదలైన యువవాణి కుర్రకారుకు కొంత చోటిచ్చింది.

అయినా ఒక తేడా ఉంది ప్రియులారా. ఒక కేంద్రంలో మాట్లాడేవారు కొందరు, వినేవారు లక్షలు. వినుకొండ పక్క పల్లెలో మిరప రైతు వ్యవసాయ సలహా వినగలడు. తన చేనులో ఏమైందో చెప్పాలంటే ఆ పెట్టెకు చెవి లేదు.

మన సంఘాల రేడియో పరిచర్యలో కూడా ఒక పాఠం ఉంది. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1963లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పెద్ద స్టేషను పెట్టింది. అక్కడి నుంచి ఎన్నో భాషల్లో ప్రసారాలు జరిగేవి, వాటిలో తెలుగూ ఉంది. కార్యక్రమాలను ఆయా భాషల వారు తమ తమ ప్రాంతాల్లోనే రికార్డు చేసి టేపులు పంపేవారు. 1977 మార్చిలో అక్కడి సైనిక ప్రభుత్వం ఆ స్టేషనును స్వాధీనం చేసుకుంది. పద్నాలుగేళ్ళ శ్రమ ఒక్క దినంలో చేయి జారింది. కానీ ఆలోచించండి. ట్రాన్స్‌మిటరును స్వాధీనం చేసుకోవచ్చు. రాయడం, చదవడం, రికార్డు చేయడం నేర్చుకున్న మనుషుల విద్యను ఎవరు స్వాధీనం చేసుకోగలరు? రేడియోలో అన్నిటికన్నా ఖరీదైన సామాను యంత్రం కాదు. తర్ఫీదు పొందిన మనిషి.

తాళం తీసిన తీర్పు

తాళం తీయడానికి కారణం ఒక క్రికెట్ తగాదా. మ్యాచుల ప్రసార హక్కు ఎవరిది అని బెంగాల్ క్రికెట్ సంఘానికి, కేంద్ర ప్రభుత్వానికి నడిచిన వ్యాజ్యంలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం వాడాలి అన్నది దాని సారం. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ గారు, జస్టిస్ ఎస్. మోహన్ గారు, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు ఉన్నారు.

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోలేదు. 2002 డిసెంబరులో కేంద్రం పేరున్న విద్యాసంస్థలకు చిన్న రేడియో స్టేషన్లు పెట్టుకునే అవకాశం ఇచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం వారి అన్నా ఎఫ్.ఎం. మొదలైంది. దేశంలో ఈ విధానం కింద వచ్చిన తొలి క్యాంపస్ రేడియో అదే. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇచ్చారు.

ఇక్కడ మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పాలి. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే ఊరుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తమకు సొంత రేడియో కావాలన్నారు. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో సిద్ధం చేసుకున్నారు. లైసెన్సు రాలేదు. వాళ్ళు ఊరుకున్నారా? లేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం కూడికల్లో టేపురికార్డరు పెట్టి వినిపించారు. ఇలా దాదాపు పదేళ్ళు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని ప్రారంభించింది ఎవరనుకున్నారు? 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంత్ గారే. తాళం తీసిన చేయి ఆ తలుపులోంచి మొదట నడిచినవారిని కళ్ళారా చూసింది.

కూలికి వెళ్ళే తల్లులు తమ యాసలోనే విత్తనాల గురించి, పంటల గురించి, పండుగల గురించి మాట్లాడితే చుట్టుపక్కల పల్లెలు విన్నాయి. “మేము చదువుకోలేదు, మాకేం వచ్చు?” అన్న మాటకు అక్కడ చోటు లేకుండా పోయింది.

కాలేజీలు కూడా ముందుకొచ్చాయి. భీమవరంలో శ్రీ విష్ణు మహిళా ఇంజనీరింగు కళాశాల వారి రేడియో విష్ణు 90.4 అలాంటిది. ఇంజనీరింగు చదివే ఆడపిల్లలే అక్కడ మైకు ముందు కూర్చుంటారు. 2011లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ మొదలైంది. 2025 నాటికి దేశంలో సామాజిక రేడియోల సంఖ్య 500 దాటింది. వాటిలో పెద్ద భాగం విద్యాసంస్థలవే.

ఆ గదిలో నేర్పేది ఏమిటి

కాలేజీ రేడియో గది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అంత చిన్నది. గోడలకు శబ్దం తిరిగి కొట్టకుండా మెత్తటి అట్టలు, ఒక బల్ల, రెండు మైకులు, గొంతు హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సరు, ఒక కంప్యూటరు. పైన స్తంభానికి యాంటెన్నా. మామూలుగా అనుమతించే శక్తి 100 వాట్లు. మన ఇంట్లో పాతకాలపు బల్బు ఒకటి వెలగడానికి పట్టేంత. అది పది, పదిహేను కిలోమీటర్ల దాకా వినబడుతుంది. నరసరావుపేటలో పెడితే పట్టణం, చుట్టూ ఉన్న పల్లెలు. అంతే. కానీ ఆ పల్లెల నుంచే కదా పిల్లలు ఆ కాలేజీకి వచ్చేది!

ఆ గదిలో పిల్లవాడు మొదట నేర్చుకునేది చెవి కోసం రాయడం. పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు. రేడియోలో జారిపోయిన మాట జారిపోయినట్టే. అందుకే వాక్యం చిన్నదిగా ఉండాలి. ఒక వాక్యానికి ఒకే సంగతి. తర్వాత పలకడం. ‘ళ’కు ‘ల’ అనకుండా, ‘శ’ను ‘స’గా మార్చకుండా నోరు తిప్పాలి. ‘ప’, ‘భ’ పలికేటప్పుడు ఊపిరి మైకుకు తగిలి ఠప్పుమంటుంది, కాబట్టి మైకుకు కాస్త పక్కగా కూర్చోవాలి. ఒక నిమిషం మాట్లాడమంటే ఒక్క నిమిషమే. ఇది మన ప్రసంగీకులు కూడా నేర్చుకోవలసిన విద్యే సుమా!

అన్నిటికన్నా కష్టమైనది ఇంకొకటుంది. అది వినడం. విద్యార్థి రికార్డరు పట్టుకుని ఊళ్ళోకి వెళ్తాడు. ఒక అవ్వను ప్రశ్న అడుగుతాడు. ఆమె ఆగి ఆలోచిస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక తనే మాట అందిస్తాడు. అక్కడే కార్యక్రమం పాడవుతుంది. ప్రశ్న అడిగి నోరు మూసుకుని కూర్చోవాలి. అవ్వ అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. రికార్డు చేసేముందు ఆమె అనుమతి అడగాలి. కత్తిరించేటప్పుడు ఆమె మాటకు అర్థం మారకూడదు. ఇది సాంకేతిక విద్య మాత్రమే కాదు, మనిషిని గౌరవించే విద్య.

బాలుడైన సమూయేలు కథ మనకు తెలుసు. రాత్రి తనను పిలిచిన స్వరం ఎవరిదో తెలియక మూడుసార్లు ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. ఏలీ అతనికి ప్రసంగం నేర్పలేదు. వినడం నేర్పాడు. ఆ బాలుడే తర్వాత జనమంతటికీ ప్రవక్త అయ్యాడు. మంచి కాలేజీ రేడియోలో శిక్షకుడు చేసే పని కూడా అదే వరుసలో ఉంటుంది. ముందు చెవి, తర్వాత నోరు.

కష్టాలు కూడా చెప్పుకోవాలి

అంతా బాగుందని చెప్పి ముగిస్తే అది సత్యం కాదు. మొదటిది, ఈ స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వినిపించవచ్చు. రెండవది డబ్బు. 1927లో మద్రాసు క్లబ్బును కుంగదీసిన ఇబ్బంది ఇప్పటికీ పోలేదు. ప్రకటనలకు 2006లో గంటకు 5 నిమిషాలు అనుమతించారు. 2024లో దాన్ని 12 నిమిషాలకు పెంచారు. అయినా చిన్న ఊళ్ళో ప్రకటన ఇచ్చేవారెందరు? మూడవది, విద్యార్థి మూడు నాలుగేళ్ళకు వెళ్ళిపోతాడు. నేర్పినవాడు నేర్చుకుని వెళ్తే మళ్ళీ మొదటి నుంచి. శ్రద్ధ ఉన్న అధ్యాపకుడు ఒక్కరు లేకపోతే, స్టూడియో గదికి తాళం పడి కంప్యూటరు దానంతట అదే సినిమా పాటలు వేస్తుంటుంది. గాలికి పడిన తాళాన్ని కోర్టు తీసింది గాని, ఈ తాళాన్ని ఏ కోర్టూ తీయలేదు.

నాలుగవది కంటికి కనబడని కష్టం. పట్నపు ఎఫ్.ఎం. వారిలా సగం ఇంగ్లీషు, సగం తెలుగు గడగడా మాట్లాడటమే రేడియో అనుకుని పిల్లలు దాన్ని అనుకరిస్తారు. కనీసం సగం కార్యక్రమాలు స్థానిక ప్రజల భాగస్వామ్యంతో తయారు కావాలని, వీలైనంత వరకు స్థానిక భాషలో ఉండాలని నియమం. ఆ నియమం కాగితం మీద ఉండి, ఊరి గొంతు మాత్రం గేటు బయటే ఉండిపోతే, ఆ స్టేషను ఉన్నా లేనట్టే.

పల్నాడు గొంతు

మన సీమకు గొంతు కొత్త కాదు. కారంపూడిలో వీరుల గాథను వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్నారు. ఒక తరం పాడుతుంటే మరో తరం విని నేర్చుకుంది. నేర్పు, వినికిడి, ప్రసారం మూడూ అందులో ఉన్నాయి. అలాంటి నేల మీద పుట్టిన పిల్లవాడు గుంటూరు వెళ్ళగానే తన యాసను దాచుకుంటున్నాడంటే మనం బాధపడాలి. చక్కగా పలకడం వేరు, తన ఊరి మాటకు సిగ్గుపడటం వేరు. మొదటిది విద్య. రెండవది గాయం. స్టూడియోలో తన అమ్మమ్మ మాట స్పీకరులో వినబడిన దినాన ఆ గాయం మానడం మొదలవుతుంది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు వచ్చింది, కలెక్టరు కార్యాలయం వచ్చింది. గొంతు కూడా రావాలి కదా. సాగరు కాలువ చివరి భూముల రైతు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల కూలీ, మిరప కోతకు వెళ్ళే తల్లి, వీరి మాట వీరి పిల్లల నోట వినబడితే ఎంత బాగుంటుంది! మన కోపాలు, కక్షలు కూడా చాలాసార్లు ఎదుటివాడి మాట పూర్తిగా వినకపోవడం వల్లనే ముదురుతాయి. వినడం నేర్చుకున్న పదిమంది యువకులు ఒక ఊళ్ళో ఉంటే ఆ ఊరు మారుతుంది.

అందుకు స్టేషను వచ్చేదాకా ఆగనవసరం లేదు. మాచునూరు తల్లులు లైసెన్సు లేని పదేళ్ళు క్యాసెట్లతో పని నడిపారు. నేడు మన పిల్లల జేబుల్లో ఉన్న ఫోను ఆ టేపురికార్డరు కన్నా మెరుగైన యంత్రం. మీ సంఘంలో యవ్వనస్థులను ఇద్దరిద్దరిగా పంపండి. ఊళ్ళో అందరికన్నా పెద్దవారి దగ్గర కూర్చుని, అనుమతి అడిగి, వారి మాట అరగంట రికార్డు చేయమనండి. మధ్యలో అడ్డు రావద్దని చెప్పండి. తర్వాత దాన్ని ఐదు నిమిషాలకు కుదించి, అర్థం చెడకుండా, కూడికలో వినిపించమనండి. కాలేజీల్లో అధ్యాపకులుగా ఉన్న సహోదరులారా, మీ యాజమాన్యాన్ని ఒకసారి అడగండి. గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా లైసెన్సుకు దరఖాస్తు పెట్టవచ్చు. వచ్చిన స్టేషను మన ఒక్కరిది కాదు, ఊరందరిది అన్న మనసుతో పెట్టండి.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం చెప్పి చాలా ఏళ్ళయింది. ఆస్తి మనదని కాగితం చేతికొచ్చాక పొలం బీడు పెట్టుకునే రైతు ఉండడు. మన పిల్లల గొంతు కూడా అలాంటి పొలమే. దున్నేవారు కావాలి.

వచ్చే వారం మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు మీ ఇంట్లో మాట్లాడని బిడ్డ ఎవరైనా ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి చూడండి.